ఈదలకుప్పం హాల్టు

పసుపు బోర్డు మీద ఇప్పుడు ‘కుప్పం’ ఒక్కటే మిగిలింది.
ముందున్న అక్షరాలను వాన తినేసింది.
తెలియనివాళ్ళు చూస్తే
అసలు కుప్పమే ఇక్కడిదాకా నడిచొచ్చిందేమో అనుకుంటారు.

ప్లాట్‌ఫారమంటూ ఏమీ లేదు.
పట్టాల పక్కన మోకాలెత్తు మట్టిగట్టు,
గట్టు మీద రేకుల గది,
గదికి పిడికిలి పట్టేంత కిటికీ.
ఆ కిటికీలో పద్దెనిమిదేళ్ళు
మా అమ్మ చెయ్యి.

ముఖం ఎవరూ సరిగ్గా చూడలేదు.
చిత్తూరు కోర్టుకు వాయిదాలకు పోయేవాళ్ళు,
పాకాల సంతకు కోళ్ళు పట్టుకుపోయేవాళ్ళు,
అందరికీ తెలిసింది ఆ మట్టిగాజులే.
“రెండు తిరపతి, ఒక అర” అంటే
మిషను టక్కుమని తేదీ కొరికేది,
అట్ట టికెట్టు బయటికొచ్చేది
అమ్మ వేళ్ళ చింతపండు వాసనతో.

రైల్వేలో ఉద్యోగం కాదు ఆమెది.
ఏజెన్సీ మా నాయన మొగిలప్ప పేరు మీద.
చెరుకు గానుగ ఆయన కుడిచెయ్యి తీసుకున్నాక
కిటికీలోకి ఈమె చెయ్యి వచ్చింది.
పాకాలలో ముందే డబ్బు కట్టి
టికెట్ల కట్టలు కొంగున ముడేసుకొచ్చేది.
అమ్మితే రూపాయికిన్ని పైసలు,
అమ్మకపోతే అట్టముక్కలు.

గంగజాతర వారం కట్టలు చాలేవి కావు.
కొండ నుంచి తిరిగొచ్చేవాళ్ళు
గుండ్ల మీద గంధం ఆరకముందే దిగి
చిదిమిన లడ్డు కిటికీలో పెట్టిపోయేవాళ్ళు.
సీతాఫలాల కాలంలో కన్నెమ్మ గంపలెక్కించేదాకా
గార్డు ఆర్ముగం పచ్చజెండా విప్పేవాడు కాదు.
విప్పబోతూ కూడా కిటికీని అడిగేవాడు:
“ఇంకెవురన్నా వస్తా ఉండారామ్మా?”
గుట్ట మీద ఎవరో తువ్వాలు ఊపుతుంటే
రైలు నిలబడేది.
రైలంటే అట్లాంటిదే అనుకున్నాను నేను,
చాలా ఏళ్ళు.

షేర్ ఆటోలు వచ్చాయి.
రోడ్డుకు తారు వచ్చింది.
ఒక కాగితం కూడా వచ్చింది,
నెలకింత అమ్మకం లేకుంటే హాల్టు మూత అని.
నాయన చదివి వినిపించాడు.
అమ్మ చింతకాయలు కొట్టడం ఆపలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు లెక్క తప్పలేదు.
ఎక్కేది ఐదుగురు, రిజిస్టరులో నలభై.
ఎట్లా అని పైవాళ్ళెవరూ అడగలేదు.
రెండో ఆవును ఎందుకమ్మినామని
నేనూ అడగలేదు.

చివరికి పెద్ద పట్టాలు పడ్డాయి.
చిన్న రైలు ఆఖరిసారి వచ్చిన రోజు
నాకు లెక్కల పరీక్ష. చూడలేదు.
ఇప్పటి రైలు ఆగదు.
కూత మాత్రం వేస్తుంది,
అదీ మాకు కాదు, మలుపు దగ్గర గొర్రెలకు.

మొన్న అటక మీది రేకుడబ్బా దించితే
మూత ఊడి జలజలా రాలినాయి టికెట్లు.
అన్నీ తేదీ పడినవే,
ఏ ఒక్కటీ రైలెక్కనివే.
పాకాల, పాకాల, పాకాల.
అన్నిటికంటే చవక ఊరు.
నా పిల్లలు వాటితో అంగడి ఆట మొదలుపెట్టారు,
పది పాకాలలకు ఒక బెల్లం అచ్చు.

ఒక్కదానికి మాత్రం అంచు తెగి ఉంది.
టీసీ కత్తెర గాటు.
“ఇదేందమ్మా?” అన్నాను.

చాటలో రాయి ఏరి పారేసి చెప్పింది:
“ఒకతూరి నేనూ ఎక్కినాలేమ్మే,
రైల్లోంచి మన టేసను ఎట్లుంటాదో సూద్దామని.”

“ఎట్లుండింది?”

“మన పిడకల గోడ కనపడె.
గంప మీద కునుకుతా కన్నెమ్మ కనపడె.
కిటికీలో ఎవురూ లేకపాయ.
ఇదేం టేసనబ్బా, మనిషే లేదే అనుకుంటి.
పాకాలలో దిగి అడ్డదోవన నడిచొచ్చేస్తి,
సాయంత్రం బండికి టికెట్లు కొట్టాల గదా.”