మూడో భాగం

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
ఏడింటిలో ఆరే దొరికాయి.
"మూడోది లేదు బేటీ, ఉంటే దాచుకుంటనా?"
అంటూ మొయిజ్ భాయ్ ఆ మాంగాని కుడి నుంచి తెరిచాడు,
ఎవరూ చెప్పకుండానే, చిన్నప్పటి ఉర్దూ వాచకంలాగా.
నేనే తప్పు అట్ట పట్టుకుని
ముందుగా చావు చూశాను.

కథానాయకుడు ఇసోబె. ఆనకట్ట కాపలాదారు.
రెండో భాగం చివర లాంతరు తుడుస్తుంటాడు, పద్ధతైన మనిషి.
నాలుగో భాగం మొదట్లోనే
రాత్రికొక వీధి చొప్పున ఊరిని ముంచుతుంటాడు.
ఎందుకో మూడోదాంట్లో ఉంది.

మూసానగర్‌లో పుట్టినదాన్ని.
గండిపేట గేట్లు ఎత్తారంటే
అమ్మ ముందు బియ్యం డబ్బాని, తర్వాత నన్ను
మంచం మీదికి ఎక్కించేది.
గేటు తిప్పే చేతికి ఒక ముఖం ఉంటుందని
నాకెప్పుడూ తోచలేదు.
ఇప్పుడా ముఖం ఆరు పుస్తకాల నిండా ఉంది,
పైగా నచ్చుతోంది.

అమీర్‌పేట నుంచి మలక్‌పేట దాకా మెట్రోలో
రోజూ అతనికో కారణం కుట్టి చూశాను.
తమ్ముణ్ణి నది మింగిందనుకున్నా.
ఊరు జీతం ఎగ్గొట్టిందనుకున్నా.
పెళ్ళాం పోయిందని, పిచ్చని, పైవాడెవడో ఆడిస్తున్నాడని.
ఒక్కొక్కటీ ఎక్కడో విన్నట్టే ఉంది.
విన్నవే. రోజుకు నూట నలభై సార్లు, హెడ్‌సెట్‌లో.
ఆసుపత్రి మేడం. ఆటో గుంజుకుపోయిన్రు మేడం.
ఆయన లేడు మేడం.
నా జవాబు కాగితం మీద అచ్చేసి ఉంటుంది:
"కారణాలు వద్దు. కట్టే తేదీ చెప్పండి."

ఇసోబెని మాత్రం ఒక్కసారీ తేదీ అడగలేదు.

శ్రావణంలో దొరికింది మూడో భాగం,
మొయిజ్ భాయ్ గోనెసంచి అడుగున, వాన తాగి ఉబ్బి,
ముప్పై రూపాయలకి.
గాంధీభవన్ దాటేలోపే అయిపోయింది.
తమ్ముడు లేడు. పగ లేదు.
ఒక రాత్రి నిద్రపోయాడు, అంతే.
గేటు దానంతటదే జారింది. పదకొండు ఇళ్ళు.
తెల్లారి ఊరంతా గడప ముందు నిలబడి
"ఎందుకు చేశావు?" అంది.
కునుకు పట్టిందనడానికి నోరు తెరిచి
ఆ మాట ఎంత చిన్నదో చూసుకున్నాడు.
తర్వాతి గడి మొత్తం నలుపు.
దాని పక్క గడిలో,
"కావాలనే."
ఇక ఆ మాటని నిజం చేయడానికే
ఒక్కో వీధీ.

ఎంజీబీఎస్ దాటి రైలు మూసీ మీదికొచ్చింది.
నా స్టేషన్ వచ్చింది, పోయింది.

ఉద్యోగంలో రెండో రోజు
వరస తప్పి ఒక గీత కింద నంబరు నొక్కాను.
బోరబండ. అనంతమ్మ. అప్పే లేని మనిషి.
తిట్టాను. ఏడ్చింది. సాయంత్రానికి
ఎవరివో నాలుగు వేల రెండు వందలు కట్టేసింది.
తప్పు తెలిసేసరికి టీమ్ లీడర్ చప్పట్లు కొడుతున్నాడు,
"ఏం గొంతు నీది!"
నేనూ నోరు తెరిచాను.
తెరిచి, నవ్వాను.
నాలుగేళ్ళుగా ఆ గొంతుతోనే బతుకుతున్నాను.

అర్థమయ్యాడు ఇసోబె.
అర్థమైతే మాఫీ అయినట్టు కాదు,
పదకొండు ఇళ్ళూ ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి.

సోమవారం షిఫ్టుకి ముందు
పాత లిస్టుని చివరి నుంచి మొదటికి వెతికాను.
మూడు రింగులు.
"హలో, ఎవరమ్మా?"

కాగితం మీద దీనికి జవాబు రాసి లేదు.