సీసం చొక్కా

నాలుగున్నర కిలోలు.
పదకొండేళ్లుగా నా భుజాలకి కంఠతా వచ్చిన లెక్క.
డ్యూటీ దిగి మేకుకి తగిలిస్తే
గోడ కూడా కాస్త వంగినట్టుంటుంది.

చిత్తూరు, గిరింపేట సందులో ఎక్స్‌రే గది.
జూన్ రాత్రులన్నీ ఇంతే.
గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లారీల బారు,
లోడు మీంచి జారిన మోకాళ్లు, మణికట్లు
ఒక్కొక్కటే నా బల్ల మీదికి.
ఊరంతా మాగిన వాసన.
పైన ఎర్ర దీపం ఆర్పుకుంటా వెలిగించుకుంటా
మద్రాసు నుంచి బెంగుళూరుకి విమానం.

బెంచీ కుంటికాలు కింద మడిచిపెట్టిన పాత సైన్సు పత్రిక
ఆ రాత్రి ఏమీ తోచక లాగి చదివాను.
ఒకప్పుడు అమెరికా వాళ్లు
దాహం లేని విమానం కావాలనుకున్నారంట.
గుప్పెడు యురేనియం బుక్కి
వారాల తరబడి దిగకుండా
ఆకాశంలోనే కాపురముండే విమానం.
రష్యా వాళ్లదీ అదే కల,
ఒకరి భయం ఒకరు అరువు తెచ్చుకుని.

నవ్వొచ్చింది.
దిగకపోవడం కూడా ఒక గొప్పా?
వరసలో మూడ్రోజులుగా స్టీరింగు మీద నిద్రపోతున్న
మా లారీ డ్రైవర్లనడగండి.

పేజీ తిప్పాక నవ్వలేదు.

రియాక్టరుని నిజంగానే ఎక్కించారు.
నలభై ఏడు సార్లు ఎగిరింది.
రెక్కల్ని తిప్పింది మాత్రం మామూలు నూనే.
అణువు ఊరికే మండతా కూర్చుని పోయొచ్చింది,
టికెట్టు లేని చుట్టంలాగా.
పైలట్లకి ముక్కు దగ్గర ఒక గది,
సీసమూ రబ్బరూ కలిపి పది టన్నుల పైమాట,
జానెడు దాటిన మందం అద్దం.
మేకున ఉన్న నా చొక్కా వైపు చూశాను.
పాపం, పసిబిడ్డ.

నిప్పు చుట్టూ పూర్తిగా గోడ కడితే ఎగరదు.
అందుకని ఆ గోడని కోసి
కొంత నిప్పు దగ్గర, కొంత మనుషుల దగ్గర పెట్టారు.
లోపలి మనుషుల దగ్గర.
పక్కలకి పోయేది పోనీ అనుకున్నారు.

వెంట ఇంకో విమానం పోయేదంట, సైనికులతో.
ఇది కూలితే వాళ్లు గొడుగులు విప్పుకుని దూకి
చుట్టూ నిలబడి
ఎవర్నీ దగ్గరికి రానీకుండా కాపలా కాయాలి.
ఆ వాక్యం మీదే నా వేలు చాలాసేపు ఆగింది.
ఒకటి పడుతుందేమోనని
దాన్నే చూసుకుంటూ ఎగరడం, అదీ ఉద్యోగమే.

రెండు గంటలప్పుడు వచ్చింది కస్తూరి, యాదమరి నుంచి.
చంకలో ఆరేళ్లోడు, మోచెయ్యి కానిదిక్కుకి తిరిగి.
"ఫిల్ము ఒగటి తీసియ్యి మేడం,
తెల్లార్తో పుత్తూరు కట్టుకి పోవల్ల."
వాడు అమ్మ కొంగు వదలడు.
నేను చొక్కా ఆమెకి తొడగబోయి, ఎందుకో ఆగి,
"లోపల ఇంకొకరున్నారా?" అన్నాను.
ఆమె నేల చూసింది. మూడో నెల.

బయట కూర్చోమన్నాను.
వాచ్‌మన్ డిల్లిబాబుని గోడ వెనక నిలబెట్టి
బటను చూపించాను.
ఉన్నది ఒకటే చొక్కా.
రెండోది అడిగి మూడేళ్లయింది, ఓనరు "చూస్తాం" అనబట్టి మూడేళ్లయింది.
సగం వాడి పొట్ట మీద పరిచి, సగం నా మీదికి లాక్కుని
చెయ్యి కదలకుండా పట్టుకున్నాను.
ఇద్దరికీ చాల్లేదు.
"నొక్కు" అన్నాను.

ఎముకలో వెంట్రుకంత చీలిక.
ఫిల్ము వెలుగుకి పట్టి చూపిస్తుంటే
కస్తూరి చూపు మాత్రం బల్ల మీది చొక్కా మీదే.
వేళ్లతో అంచు ఎత్తి చూసింది.
"ఇంత బరువేంది మేడం?
కొంగు మాదిరి పల్చంగా నెయ్యలేరా దీన్ని?"

పదిహేనేళ్లు, వంద కోట్ల డాలర్లు
ఈ ప్రశ్న చుట్టూనే తిరిగి తిరిగి
ఆఖరికి కాగితాలు మూసేశారు.
ఆ ఇంజన్లు ఏదో ఎడారిలో, రోడ్డు పక్కన
ఎండకి ఎండుతా ఇప్పటికీ ఉన్నాయంట.

నేనేమీ చెప్పలేదు.
పత్రిక మళ్లీ మడిచి కాలు కిందికి తోశాను.
మొదటి బస్సొచ్చేదాకా
తల్లీ కొడుకూ ఆ బెంచీ మీదే నిద్రపోయారు,
ఊగకుండా.