పదో మనిషి

సీసా మూత తీస్తే నాలుగే గంటలు.
ఒక్కో సీసాలో పదిమందికి మందు.
తొమ్మిదిమంది వచ్చాక
పదో మనిషి కోసం రోడ్డుకేసి చూడటం
నా ఉద్యోగం.

పలాస నుంచి ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను నీలం డబ్బా,
వంజరం ముక్కల్ని ఐసులో కప్పినట్టు కప్పి.
తిత్లీ గాలికి లేచిపోయిన బడి రేకులు
ఇంకా వెయ్యలేదు.
ఎండ నేరుగా వచ్చి రిజిస్టరు మీద కూచుంది.

ముందు తామాడ దాలమ్మ.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయి.
బొటనవేలు పెడుతుంది, యంత్రం ఒప్పుకోదు.
కొంగుకి తుడిచి పెడుతుంది, ఒప్పుకోదు.
"నానే బావూ దాలమ్మని. ఊరంతటికీ తెల్సు.
ఈ పెట్టికే తెల్దేటి?"
వలంటీరు కుర్రాడు తన తప్పేదో ఉన్నట్టు
యంత్రాన్ని ఊదాడు.

జోగినాయుడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకొచ్చే మనిషి.
ఎడంచేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి.
"అది ఒగ్గీయమ్మా, ఆ చెయ్యి మిషిన్ది.
ఈ చెయ్యి నాది, ఇటు పొడు."
పొడిచాక అడిగాడు:
"మా ఉద్దానంలో కిడ్నీలెందుకు పోతన్నాయో
ఇన్నేళ్ళయినా ఎవులూ సెప్పలేదు.
దీనికి ఏడాదికే మందెలాగ దొరికీసిందమ్మా?"
నా దగ్గర జవాబు లేదు. దూది ఉంది.
గట్టిగా నొక్కి పట్టుకోమన్నాను.

బ్రాందీ షాపు దగ్గర వేరే లెక్క.
సూది వేయించుకుంటే రెండేళ్ళకి పోతారట.
మగతనం తగ్గుతుందట.
నెల్లాళ్ళు మందు ముట్టకూడదట.
ఆ చివరి మాటే ఎక్కువమందిని ఆపింది.

ఇదే ఊరు ఏప్రిల్లో
తెల్లారి మూడింటికే వచ్చి
తమ బదులు చెప్పుల్ని వరసలో నిలబెట్టింది.
అరవై జతల చెప్పులు, ఇరవై డోసులు.
వెనక్కి వెళ్ళినవాళ్ళలో బమ్మిడి లోకనాథం ఒకడు.
"మరేటి సేస్తాం, రేపొస్తాన్లెండి"
అన్నాడు, వంగి చెప్పులు వెతుక్కుంటూ.
ఆ రేపటికి జ్వరం.
మే నెల ఏడో తారీకున శ్రీకాకుళంలో, మంచం దొరక్క, వరండాలో.

నాలుగు కావస్తోంది. తొమ్మిదిమందే.
కుర్రాడు వీధి వీధీ తిరిగొచ్చాడు.
కొన్ని తలుపులు తియ్యలేదు, కొన్ని తీసి మళ్ళీ వేసుకున్నాయి.
మండలం నుంచి ఫోను:
ఒక్క డోసు పారబోసినా మెమో.
సీసాలో అడుగున మిగిలింది
కంటి చుక్కలంత కూడా లేదు.
కుర్రాడు తలెత్తకుండా
పాత జాబితాలోంచి ఒక పేరు నొక్కాడు.
నేను చూశాను.
అప్పుడే నాకు డబ్బా సర్దుకునే పని గుర్తొచ్చింది.

ఎల్లుండి సాయంత్రం నీలవేణి వచ్చింది,
మొన్న తలుపు తియ్యనివాళ్ళలో ఒకరు.
ఫోను కొంగులో చుట్టి తెచ్చింది.
చదువు రాదు, కూతురు చదివి చెప్పిందట:
బమ్మిడి లోకనాథం గారూ,
మీకు టీకా విజయవంతంగా వేయబడినది.

కోపంగా వచ్చి ఉంటే బాగుండేది.
వరండా అంచున కూచుంది.
"మీకెక్కడ అవుపడినాడమ్మా?"
అని అడిగింది.
నిజంగానే అడిగింది.
"మా ఆయనకి సూదంటే బయం. కూకోబెట్టి ఏసినారా?
ఏ సేతికేసినారు?
రాత్రికి జొరమొస్తాదంట గదా, మరి..."

అలవాటైన నా చెయ్యి
మాత్రల డబ్బాలోకి వెళ్ళి
అక్కడే ఉండిపోయింది.