లగేజీ టికెట్

మా నాయిన హన్మకొండ డిపోల కండక్టరు.
ఏటూరునాగారం సర్వీసు. ఇరవై రెండేండ్లు ఒకటే తొవ్వ.
నేను అంకెలు నేర్చుకున్నది
ఆయన తోలుసంచిల చిల్లర లెక్కవెట్టి.
ఊర్ల పేర్లు నేర్చుకున్నది
నిద్రల ఆయన కలవరించే స్టేజీలల్ల:
గూడెప్పాడు, మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి...
పస్రా వచ్చేసరికి నాకు కన్నంటుకునేది.

ఏడేండ్లప్పుడు, దసరా సెలవులల్ల,
ఇంజను బానెట్ మీద కూసొని నేనూ పోయిన.
పస్రా దాటినంక అడవిల బస్సు ఆగింది.
డ్రైవర్ సాంబయ్య మామ కిందికి దూరి
అక్కడ్నుంచే ఎవర్నో తిడుతున్నడు.
చీకటి పైనుంచి దిగదు, నేలల నుంచి లేస్తదని
ఆ పొద్దే చూసిన.

ఒక్కొక్కలే సద్దిమూటలు విప్పిండ్రు.
తాడ్వాయిల దిగాల్సిన పొడెం ముత్తమ్మ
మోదుగాకుల నల్లటి ఉండొకటి నా చేతిల వెట్టింది.
"ఇప్పపువ్వు బిడ్డా, కొరుకు."
తీపి ముందుగాల రాలే.
ముందు పొగ. తర్వాత వాన వడ్డ మన్ను.
మింగినంక, ఇగ రాదనుకున్నంక, తీపి.
ఇప్పటికీ ఏది తిన్నా
నేను ఆ ఆలస్యం కోసమే చూస్త.

వెనక సీట్ల ఒక ఒగ్గుడోలు ఆయన.
పొద్దుగాల ఆయన డోలుకు
నాయిన లగేజీ టికెట్ కొట్టిండు.
పసిపిల్లలు ఏడుపందుకుంటే ఆయన
డోలు మెడకేసుకొని రోడ్డు నడుమ నిలవడ్డడు.
ఇంకో బస్సొచ్చే దాక, రెండు గంటలు.
ఏ జంతువూ అటు రాలే.
ఎవ్వరికీ ఇల్లు యాదికి రాలే.
దిగేటప్పుడు నాయిన పైసలు వాపసిచ్చిండు.
"సామాను కాదంటవా? ప్యాసింజరైతే
ఇంకెక్కువ కట్టాలె గద సారూ" అని నవ్విండాయన.
"ఇయ్యాల అది స్టాఫ్" అన్నడు నాయిన.

గా రాత్రి సంది నాకీ రోగం.
సుబేదారిల చిట్టీల ఆఫీసుల కొలువు,
ఆరు రోజులు వాళ్లయి, ఆదివారం నాది.
మా ఇంట్ల తపాలచెక్క
జమ్మికుంట చేరేసరికి సర్వపిండి అయితది,
జగిత్యాల అవతల గిన్నప్ప అంటరు.
అదే బియ్యప్పిండి, అవే పల్లీలు నువ్వులు,
వేలుతోటి పొడిచిన అవే తూట్లు,
పేరు మాత్రం బస్సు లెక్క
బోర్డు మార్చుకుంట పోతది.
కొత్తవాడల జంపఖానాలు నేసే కనకలక్ష్మి వదిన
"నిఖితా, నీ కాళ్లకు చక్రాలు, నోటికి చాట" అంటది.
అనుకుంటనే మగ్గం మీద జాగిస్తది.
ఎర్రదారం తెగితే ముడివడుడు నేర్పింది.
ఇంకా సరిగ్గ రాదు నాకు.

నాయిన రిటైరైన నెలకు అడిగిన:
"రామప్పల చూరు కింద
నల్లరాతి ఆడోళ్లను చూసినవా?"
"జంగాలపల్లి క్రాసు కాడ దించిన.
శానామందిని దించిన."
అంతే అన్నడు.
ఇరవై రెండేండ్లల్ల ఒక్కనాడు ఆ మలుపు తిరగలే.

పోయినాదివారం తోలుకపోయిన.
ముందు జనాన్ని లెక్కవెట్టిండు, అలవాటు.
తర్వాత తలెత్తి, శానాసేపు, టోపీ లేని నుదుటికి
చెయ్యి అడ్డం వెట్టుకొని.
ఎత్తుమడిమెల చెప్పులేసుకున్న ఒక బొమ్మ కాడ ఆగి
"గీమె దూరం పోయే మనిషే" అన్నడు.
నవ్వలేదు. టికెట్ ఎక్కడిదాక అని
అడిగేటట్టున్నడు.

గడ్డిల కూసొని డబ్బా తీసిన.
ఎవలో పిల్లగాడు, ఎవలతోటి వచ్చిండో,
మా చేతుల దిక్కే చూస్తున్నడు.
నాయిన తుంపి సగం ఇచ్చిండు.
"ఏందిది తాతా?"
నాయిన నోరు తెరిచి, ఆగి, నా మొకం చూసి,
పిల్లగాని దిక్కు తిరిగిండు.

"ముందు చెప్పు బిడ్డా,
మీదే ఊరు?"