ఆరూ పది

తండర్ బే కోర్టు వరండాలో
కాఫీ మిషన్ పక్కనే తేలిపోయింది కేసు.

అంతకుముందు పదకొండు రాత్రులు
నలభై సెకన్ల వీడియో ఒక్కటే చూశాను.
మందుల దుకాణం, పగిలిన అద్దం, ముసుగు మనిషి,
తెర మూలన ఏడూ పది.
ఏడింటికి బేకరీలో కార్డు పంచ్ చేసి బయటపడ్డాడు తౌనో.
ఐదు నిమిషాల నడక. పోలీసులకి అది చాలు.

దొంగని చూడటం మానేశాక కనిపించింది
అతని వెనక దాటిపోతున్న మంచు తోడే బండి.
నగర కార్యాలయంలో దాని చిట్టా తిరగేస్తే
ఆ మలుపు దాటింది ఆరూ పదికి.
నవంబరులో ఊరంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది,
కెమెరా ఒక్కటే మరిచిపోయింది.

ఆరూ పదికి తౌనో మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు.
ఉచ్చు బిగించిన కార్డే ముడి విప్పింది.

ప్రాసిక్యూటర్ కొలీన్ రెండుసార్లు చదివింది.
"ఉపసంహరించుకుంటాం" అంది, జలుబు ముక్కు తుడుచుకుంటూ.
జడ్జి తలెత్తలేదు. రెండు నిమిషాలు.
రాసిపెట్టుకున్న వాదన సంచిలోనే నలిగింది.

మెట్ల మీద తౌనో టైమెంతని అడిగాడు,
షిఫ్టుకి పోవాలట.
అతని జాగాలో ఇంకొకణ్ని పెట్టుకుని
పంతొమ్మిది రోజులైందని
చెప్పడానికి నాకు నోరు రాలేదు.