సెలవు చీటీ

ఉత్తరమంటే నాకు తెలిసింది ఒకటే,
ఏడో తరగతిలో అయివారు నేర్పించిన సెలవు చీటీ.
అందుకే చెంగల్రాయా,
పైన 'గౌరవనీయులైన' అని పడిపోయింది.
కొట్టేస్తే కాగితం పాడవుతాదని వదిలేసినా.

కాగితం కూడా నీదే.
దామలచెరువు మండీలో
నువ్వు లారీ తూకమేసి చించిచ్చే చీటీ వెనకపక్క.
ముందర నీ రాత: బెంగళూరా, తొమ్మిది టన్నుల డెబ్బై.
ఏడుకి నడుమ గీత గీస్తావు
వొడ్డాణం పెట్టినట్టు.

తరవాత 'విన్నవించుకొనునది ఏమనగా'.
ఏమనగా?
ఈడనే రెండు రాత్రులు నిలబడిపోయినా.

కాయలు ఏరేటప్పుడు మాటలు బాగానే వస్తాయి.
దెబ్బకాయ ఒక పక్కకి, మాగింది ఒక పక్కకి,
నీకు చెప్పాల్సింది ఇంకో పక్కకి.
పొద్దుగూకేసరికి గంపలన్నీ లోడెక్కిపోతాయి.
నాకు సొన మిగుల్తాది,
వేళ్ళ సందుల్లో, మంటగా.

మొన్న కూలి పట్టీ రాస్తా
'ఇంటిపేరు ఏమి రాయాల?' అన్నావు.
'నీ ఇష్టం' అనేసినా,
ఏ ధ్యాసలో ఉన్నానో.
గంపల కాడ అక్కయ్యలు ఇంకా నవ్వు ఆపలా.
నువ్వు నవ్వలేదు.
ఆ గడి మాత్రం ఖాళీగా పెట్టినావు.

'నాకు జ్వరముగా ఉన్నందున' అని రాసి
మళ్ళీ చదువుకున్నా.
అబద్ధమేం కాదు.

ఇట్లు, తమ విధేయురాలు
ధనకోటి.
పేరు ముందర
ఒక అక్షరం పట్టేంత చోటుంది, చూడు.

ఆడి నెల పుడితే మండీ మూత.
రేపు మొదటి లారీ తూకంలో ఏడు పడితే
ఇచ్చేస్తా.
పడకపోతే
రెండో లారీ.