నీడ జరిపే తాడు

ముప్పై ఎనిమిదేళ్లుగా
ఒక్కరోజు బతికే కప్పులే కుట్టాను.
నిన్న సంగడిగుంటలో పెళ్లి,
ఇవాళ లాలాపేటలో పెద్దకర్మ,
గుడ్డ ఒక్కటే.
పసుపు మరక మీదే పొగ మరక.
విప్పి, దులిపి, మడతపెట్టి
రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి
కప్పుని.

మా నాయన అనేవాడు:
ఇల్లు కట్టేవాడికి పట్టా ఉన్న నేల కావాలి,
మనకి గునపం దిగే నేల చాలు మీరా.

ఆ పిల్ల వచ్చింది, సుజన్య,
బెజవాడలో కట్టడాల చదువట.
చంకలో కాగితాల చుట్ట, చెప్పుల నిండా దుమ్ము.
ఏటుకూరు రోడ్డు మొగలో
కూలోళ్ల అడ్డా చూపించి అడిగింది:
"ఇంటికెళ్లని షామియానా కుడతారా?
ఎండ ఎటు తిరిగితే అటు తిరగాలి.
వానొస్తే మూసుకోవాలి,
చలి పొద్దుల్లో ముడుచుకుని దారివ్వాలి."
గొడుగు కాదమ్మా నువ్వడిగేది,
గొడ్డు, అన్నాను.
తాడు కట్టి తిప్పాల్సిందే.

బొమ్మలో మోటారు గీసింది.
రోహిణి కార్తెలో కరెంటు సంగతి
ఆ బొమ్మకి తెలీదు.
పాత బావులు పూడ్చేసిన ఇళ్ల వెంట తిరిగి
నాలుగు గిలకలు కొన్నాను,
ఒకదాని కంఠానికి ఇంకా నీళ్ల చప్పుడుంది.
తూకానికి ఇసక మూటలు.
గాలి బరువు ఆమె ఫోన్లో లెక్కేసింది,
నేను నారని పంటి కింద పెట్టి లాగి చూశాను.
ఇద్దరి లెక్కకీ నాలుగంగుళాలు తేడా.
ఆ నాలుగంగుళాలూ వదులుగా వదిలేశాం.

మున్సిపాలిటీ కాగితంలో ఒక గడి:
శాశ్వతమా, తాత్కాలికమా?
గుమస్తా పెన్ను గాల్లో ఆగింది.
కదులుతుందని రాయండి సార్, అన్నాను.
అలాంటి గడి లేదన్నాడు.

లేకపోయినా నిలబెట్టాం.

తెల్లారుజామున గుడ్డ అంతా ఓ మూలకి ఒదిగి ఉంటుంది,
గమేళాలు బోర్లించుకుని కూర్చున్నవాళ్ల వీపుల మీద
ఎండ పడనిస్తూ.
తొమ్మిదికల్లా మేస్త్రీలు ఏరుకుపోతారు.
మిగిలినవాళ్లు మిగులుతారు.
అప్పుడు తాడు లాగుతాం, గిలక కీచుమంటుంది,
నీడ నేల మీద పాకుతూ వచ్చి
మొదట టీ బండిని ముట్టుకుంటుంది.
సాయంత్రం ట్యూషన్ పిల్లలు, బజ్జీల పొగ.
రాత్రి యార్డు లారీల క్లీనర్లు
సగం గుడ్డ దించుకుని, గోడ చేసుకుని పడుకుంటారు.

వైశాఖంలో ఓ మాపటేళ
మిర్చి యార్డు మీదుగా ఈదురుగాలి లేచింది.
ఊరంతా తుమ్ముతోంది, ఆకాశం ఎర్రగా కోరెక్కింది.
కట్టండి కట్టండి అని అరుస్తున్నారు జనం.
వదలండ్రా! అని నేను పరిగెత్తాను.
తాళ్లు వదిలాం.
గుడ్డ పొట్ట ఉబ్బించి, రంకె వేసి,
స్తంభాల మధ్య నాలుగుసార్లు పొర్లి,
చివరికి మోకాళ్ల మీద వంగి
వానని వీపున పోయించుకుంది.
దాని కింద మేం యాభైమందిమి,
రెండు సైకిళ్లు, ఒక తడిసిన కుక్క.
సుజన్య లెక్క మానేసి
నోరు తెరుచుకుని పైకి చూస్తోంది.

మూడో పట్టీ చిరిగింది.
తెల్లదారం లేక నల్లదారంతో కుట్టాను.
ఎవరైనా అడిగితే
అదిగో ఆ గాలి అని చూపిస్తాను.

నిన్న ధనమ్మని ఎవరూ పనికి పిలవలేదు.
సిమెంటు తిన్న అరచేతుల్తో
పొద్దుట్నించీ తాడు దగ్గరే కూర్చుంది.
ఎవరూ చెప్పకుండానే
గంటకోసారి లేచి జానెడు లాగి ముడేస్తుంది,
నిద్రపోతున్న పసివాడి కాళ్ల మీంచి
ఎండని తప్పిస్తూ.
మూడింటికి నా వైపు తిరిగి
మామూలుగా అడిగింది:
"మీరాన్నా, దీనికి కూలెంత?"

జేబు తడుముకున్నాను.
కొలతల టేపు తగిలింది.